డేటాబేస్ సైజ్ టూల్: ఏఐ ఏజెంటుకు ఒక్క లైన్ వివరణ చాలా, ఇంకా చెప్పాలా?

వర్డ్‌ప్రెస్ సైట్ నిర్వహణను ఏఐ ఏజెంటుకు అప్పగించేటప్పుడు డేటాబేస్ సైజ్ చెప్పే టూల్ కూడా దాని చేతికి ఇస్తాం. లోపల జరిగేది చిన్న పనే. వర్డ్‌ప్రెస్‌ను కమాండ్లతో నడిపే టూల్ డబ్ల్యూపీ-సీఎల్ఐలోని 'డబ్ల్యూపీ డీబీ సైజ్' కమాండ్ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ తన టేబుళ్ల వివరాలు దాచుకునే ఇన్ఫర్మేషన్ స్కీమాను అడిగి, టేబుళ్ల డేటా, ఇండెక్స్ (వెతుకులాట వేగంగా జరగడానికి పెట్టుకునే సూచిక) పరిమాణాలు కలిపి అంకె చెప్తుంది. దేన్నీ మార్చదు, దేన్నీ చెరపదు. అందుకే ఏజెంటు చదివే టూల్ వివరణలో 'డేటాబేస్ సైజ్ చూపిస్తుంది' అని ఒక్క లైన్ రాసి వదిలేస్తుంటారు. ఆ లైన్ చాలదని నా గట్టి నమ్మకం. అలాగని పెద్ద మాన్యువల్ రాసినా పని జరగదు.

ఒక్క లైన్ రాసేవాళ్ల వాదనలో న్యాయం ఉంది. ప్రతి టూల్ వివరణా ఏజెంటు కాంటెక్స్ట్‌లో, అంటే అది ఒకేసారి చూడగలిగే సమాచారంలో, చోటు తీసుకుంటుంది, టోకెన్ల (ఏఐ చదివే మాటల ముక్కల) ఖర్చు పెంచుతుంది. పేరు స్పష్టంగా ఉంటే ఏజెంటు సరైన టూల్‌నే ఎంచుకుంటుంది కూడా. చిక్కంతా అంకె చేతికొచ్చాకే.

పాత పోస్ట్ రివిజన్లు (పోస్ట్ మార్చినప్పుడల్లా దాచిన పాత కాపీలు) తీసేసి డేటాబేస్ తగ్గించమన్నారనుకోండి. ఏజెంటు ముందు సైజ్ చూస్తుంది, రివిజన్లు తీసేస్తుంది, మళ్లీ సైజ్ చూస్తుంది. అంకె కదలకపోవచ్చు. దీనికి రెండు కారణాలు. మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ. దాని టేబుల్లో వరసలు డిలీట్ చేస్తే ఆ చోటు ఫైల్ లోపలే ఖాళీగా ఉండిపోతుంది, తర్వాత వచ్చే డేటాకు పనికొస్తుంది. అది డిస్క్‌కు తిరిగి రావాలంటే 'ఆప్టిమైజ్ టేబుల్' కమాండ్ నడపాలి. పైగా మైఎస్‌క్యూఎల్ 8.0 ఈ గణాంకాలను క్యాష్‌లో (తాత్కాలిక కాపీగా) పెట్టుకుంటుంది. డిఫాల్ట్ గడువు 86,400 సెకన్లు, అంటే పూర్తిగా ఒక రోజు. ఇవేవీ తెలియని ఏజెంటు డిలీట్ జరగలేదనుకుని మళ్లీ నడపొచ్చు, లేదా ఇంకో టేబుల్ మీద పడొచ్చు. కేవలం చదివే టూలే కదా అని వివరణను తేలిగ్గా తీసుకుంటే, ఆ లోటు చెరిపే టూల్‌ను తప్పుదారి పట్టిస్తుంది. బ్యాకప్ లేని సైట్ యజమానికి అది మామూలు టెన్షన్ కాదు.

యూనిట్ల సంగతీ ఉంది. డబ్ల్యూపీ-సీఎల్ఐ 1000తో లెక్కించే ఎంబీ, 1024తో లెక్కించే ఎంఐబీ రెండూ ఇవ్వగలదు. 500 ఎంఐబీ అంటే 524 ఎంబీ పైచిలుకు. హోస్టింగ్ పరిమితి అంచున ఉన్న సైట్‌కు ఈ తేడా చాలు. అందుకే టూల్ బైట్లలోనే జవాబివ్వాలి, ఆ మాట ఫీల్డ్ పేరులోనే కనిపించాలి.

ఇక వేరే ఫైల్లో పూర్తి మాన్యువల్ రాయడం. మనుషులకు అది మంచిదే. కానీ పని మధ్యలో ఏజెంటు ఆ ఫైల్ తెరుస్తుందన్న గ్యారంటీ లేదు. టూల్ మారినప్పుడు ఫైల్ మార్చడం మర్చిపోతే రెండు చోట్ల రెండు మాటలుంటాయి.

నా ఓటు టూల్ వివరణలోనే రాసే నాలుగైదు వాక్యాలకు. నేనైతే ఇలా రాస్తాను:

'ఈ సైట్ డేటాబేస్ టేబుళ్ల డేటా, ఇండెక్స్ పరిమాణాన్ని బైట్లలో ఇస్తుంది. అంకె సుమారుది, ఒక రోజు పాతది కావచ్చు. వరసలు డిలీట్ చేసిన వెంటనే తగ్గకపోవచ్చు. డిలీట్ జరిగిందో లేదో తేల్చుకోవడానికి దీన్ని వాడకు, వరసలు లెక్కపెట్టు. అప్‌లోడ్స్ ఫోల్డర్, బ్యాకప్ ఫైళ్లు ఇందులో కలవవు.'

వరసలు లెక్కపెట్టడమంటే కౌంట్ క్వెరీ నడపడమే. ఇన్ఫర్మేషన్ స్కీమా చూపే వరసల సంఖ్య ఇన్నోడీబీకి అంచనా మాత్రమే. అసలు లెక్కకు 40 నుంచి 50 శాతం దాకా తేడా రావచ్చని మైఎస్‌క్యూఎల్ డాక్యుమెంటేషనే చెప్తోంది.

ఎంసీపీ (ఏఐ ఏజెంట్లకు టూళ్లు అందించే ప్రమాణం) ద్వారా టూల్ ఇస్తుంటే, ఇది చదవడానికే అని చెప్పే 'రీడ్ ఓన్లీ హింట్' కూడా పెట్టండి. 2025 మార్చి స్పెసిఫికేషన్‌తో వచ్చిన ఈ గుర్తు పెట్టకపోతే టూల్ డేటాను మార్చేదిగానే లెక్క. అప్పుడు ప్రతిసారీ అనుమతి అడిగే క్లయింట్లు ఉంటాయి. అయితే అది సూచనే తప్ప కాపలా కాదు. నిజమైన రక్షణ కావాలంటే ఆ టూల్ వాడే డేటాబేస్ యూజర్‌కు సెలెక్ట్ (డేటా చదివే) హక్కు మాత్రమే ఇవ్వాలి.

ఏజెంటు పని నెలవారీ రిపోర్ట్ రాయడమే అయి, డిలీట్ చేసే టూల్ ఏదీ దాని దగ్గర లేకపోతే రెండు లైన్లతో సరిపెట్టినా నష్టం లేదు. యూనిట్ మాత్రం వదలకండి.

రాసిన వివరణ పనిచేస్తోందో లేదో చూడాలంటే టెస్ట్ సైట్‌లో ఏజెంటును ఒక్కటే అడగండి: 'రివిజన్లన్నీ తీసేశాను, సైజ్ తగ్గలేదేం?' అది వెంటనే ఇంకేదైనా డిలీట్ చేయబోతే వివరణ తిరగరాయాల్సిందే.