ఓడ ప్రయాణాల కోసం విమాన టికెట్లు వెతికిన ఆరేళ్ళు: గూగుల్ ఫ్లైట్స్‌పై గుంటూరు నుంచి ఒక సమీక్ష

బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసిన మరుసటి సంవత్సరం, అంటే 2019 ఆగస్టులో, నేనూ నా భార్యా సింగపూర్ వెళ్ళి అక్కడి నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్ ఎక్కాము. ఆ తరువాత 2023 జనవరిలో దుబాయ్ నుంచి ఒకటి, 2024 సెప్టెంబరులో ఇటలీ నుంచి మరొకటి, మొత్తం మూడు ఓడ ప్రయాణాలు చేశాము. మూడింటికీ విమాన టికెట్లు నేనే వెతికాను. ప్రధానంగా వాడినది గూగుల్ ఫ్లైట్స్, అంటే వివిధ సంస్థల విమానాల ధరలను ఒకేచోట చూపించే గూగుల్ వెబ్‌సైటు. ధరలు సరిచూసుకోవడానికి అప్పుడప్పుడు అలాంటిదే అయిన స్కైస్కానర్ కూడా చూశాను. బంధువుల్లోనూ పాత సహోద్యోగుల్లోనూ చాలామంది ఈ విషయం అడుగుతూ ఉండటంతో, గుంటూరు, విజయవాడ ప్రాంతాల వారికి పనికివచ్చేలా నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక తేడాను గుర్తించాలి. మామూలు విహారయాత్రలో తేదీలు మన చేతిలో ఉంటాయి. మంగళవారం టికెట్ చవకగా ఉంటే మంగళవారమే బయలుదేరవచ్చు. ఓడ ప్రయాణంలో ఆ వీలు లేదు, ఎందుకంటే ఓడ కదిలే రోజూ గంటా ఏడాది ముందే నిర్ణయమై ఉంటాయి, ఆలస్యంగా వచ్చిన ప్రయాణికుడి కోసం అది రేవులో ఆగదు. కాబట్టి చవక టికెట్ల గురించి అందరూ చెప్పే మొదటి సలహా, అంటే తేదీలు మార్చి చూడమనే సలహా, మనకు సగమే పనికివస్తుంది. మనం మార్చుకోగలిగేవి మూడే: ఏ ఊరి విమానాశ్రయం నుంచి ఎక్కుతాము, ఓడకు ఎన్ని రోజుల ముందు చేరుకుంటాము, తిరుగు ప్రయాణం ఎక్కడి నుంచి మొదలుపెడతాము. గూగుల్ ఫ్లైట్స్‌ను నేను ఈ మూడింటిని బట్టే అంచనా వేస్తాను.

మొదటి విషయంలో దానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. బయలుదేరే చోట ఒకే విమానాశ్రయం పేరు కాకుండా రెండు మూడు కలిపి ఇవ్వవచ్చు. నేను ఎప్పుడూ గన్నవరం, శంషాబాద్, చెన్నై మూడూ కలిపి ఇస్తాను. సింగపూర్ ప్రయాణమైతే విశాఖపట్నం కూడా చేరుస్తాను, అక్కడి నుంచి స్కూట్ సంస్థ విమానం నేరుగా సింగపూర్ వెళుతుంది కనుక. అన్ని ఊళ్ళ ధరలూ ఒకే పట్టికలో ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. అయితే ఆ పట్టికలో గుంటూరు నుంచి ఆయా విమానాశ్రయాలకు చేరుకునే ఖర్చు ఉండదు. ఆ లెక్క మనమే పక్కన వేసుకోవాలి. 2019లో చెన్నై నుంచి సింగపూర్ టికెట్ హైదరాబాద్ కంటే మనిషికి 3,800 రూపాయలు తక్కువగా కనిపించింది. తెనాలిలో పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నై సెంట్రల్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి మెట్రో నేరుగా విమానాశ్రయానికే వెళుతుంది. చెన్నై నుంచి సింగపూర్‌కు సుమారు నాలుగు గంటల ప్రయాణం, అర్ధరాత్రి ప్రాంతంలో బయలుదేరే విమానాలూ దొరుకుతాయి కనుక మధ్యలో బస ఖర్చు కూడా పడలేదు. ఆ సారి చెన్నై లాభించింది.

దుబాయ్ ప్రయాణంలో అదే లెక్క తారుమారయింది. అక్కడ క్రూయిజ్‌లు ప్రధానంగా చలికాలంలోనే నడుస్తాయి, మాకు దొరికిన ఓడ సంక్రాంతి వారం చివర్లో బయలుదేరేది. కనుమ నాడు కాకి కూడా కదలదన్న మాటను మా ఇంట్లో పెద్దలు ఇప్పటికీ పాటిస్తారు కనుక, ముక్కనుమ నాడు శంషాబాద్‌కు బయలుదేరాలని నిర్ణయించుకున్నాము. కానీ పండుగకు ఊళ్ళకు వచ్చిన వారంతా హైదరాబాద్‌కు తిరిగి వెళ్ళే రోజులు అవే. రైళ్ళలో నిరీక్షణ జాబితా పెరిగిపోయింది. జాతీయ రహదారి మీద టోల్‌గేట్ల దగ్గర బారులు తీరే వాహనాల సంగతి ఈ ప్రాంతం వారికి చెప్పనవసరం లేదు. శంషాబాద్ నుంచి టికెట్ చవకగానే దొరికినా, పండుగ రద్దీలో కారు అద్దె, ముందు జాగ్రత్తగా ఒక రాత్రి హైదరాబాద్ బస కలిపితే ఆ చవక దాదాపు కరిగిపోయింది. అప్పటి నుంచి ఇంటి గుమ్మం నుంచి ఓడ మెట్ల వరకు అయ్యే మొత్తాన్నే ఛార్జీగా లెక్కిస్తున్నాను. తెర మీద కనిపించే అంకె అందులో ఒక భాగం మాత్రమే.

రెండో విషయం, ఎన్ని రోజుల ముందు చేరుకోవాలన్నది. ఓడ బయలుదేరే రోజు ఉదయం దిగే విమానం కొన్నిసార్లు చవకగా కనిపిస్తుంది, ఒక రాత్రి హోటల్ ఖర్చు కూడా మిగులుతుంది. అయినా నేను ఆ టికెట్ ఎన్నడూ కొనలేదు, ఎవరికీ కొనమని చెప్పను. ఓడ కదలడానికి గంటో గంటన్నరో ముందే ఎక్కించుకోవడం ఆపేస్తారు. విమానం ఆలస్యమై ఓడ తప్పిపోతే, విడిగా కొన్న విమాన టికెట్‌కు క్రూయిజ్ సంస్థ బాధ్యత వహించదు, క్రూయిజ్ డబ్బుకు విమాన సంస్థ బాధ్యత వహించదు. కనీసం ఒక రోజు ముందు దిగాలి. యూరప్ అయితే రెండు రోజులు మేలు. గూగుల్ ఫ్లైట్స్‌లోని తేదీల పట్టిక ఇక్కడ అక్కరకు వస్తుంది. వెళ్ళే రోజులు పైన, వచ్చే రోజులు పక్కన పెట్టి ప్రతి జంటకూ ధర చూపిస్తుంది. ఓడకు ఒక రోజు ముందు, రెండు రోజుల ముందు, మూడు రోజుల ముందు దిగితే ఎంతవుతుందో అందులో చూసుకుని, తేడాకు ఆ ఊరి హోటల్ అద్దె కలిపి పోల్చుకుంటాను. ఇటలీ ప్రయాణంలో రెండు రోజుల ముందు దిగే టికెట్, ఒక రోజు ముందు దిగే దానికంటే ఇద్దరికీ కలిపి 14,000 రూపాయలు తక్కువ. ఆ డబ్బుతో అదనపు రాత్రి బస గడిచిపోయింది, రోమ్ నగరం చూసే అవకాశమూ దక్కింది.

తేదీల గురించే మరో హెచ్చరిక. మన దగ్గర నుంచి విదేశాలకు వెళ్ళే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయలుదేరుతాయి. టికెట్ మీద 14వ తేదీ 00:40 అని ఉంటే 13వ తేదీ రాత్రి భోజనం చేసి విమానాశ్రయంలో ఉండాలి. అలాగే చేరుకునే సమయం పక్కన చిన్న అక్షరాలలో ప్లస్ ఒకటి అని కనిపిస్తే అది మరుసటి రోజు అని అర్థం. మామూలు ప్రయాణంలో ఈ పొరపాటుకు ఒక రోజు పోతుంది, క్రూయిజ్‌లో ప్రయాణమే పోతుంది. నేను టికెట్ కొనే ముందు ఓడ కాగితం, విమానం కాగితం పక్కపక్కన పెట్టి నా భార్య చేత పైకి చదివిస్తాను.

రేవు పేరును నమ్మి ఊరిని ఎంచుకోవడం కూడా ప్రమాదమే. క్రూయిజ్ ప్రకటనల్లో రోమ్ అని ఉంటుంది కానీ ఓడ ఆగేది చివిటావెక్కియాలో. అది రోమ్‌కు 70 కిలోమీటర్లకు పైగా దూరం, టెర్మినీ స్టేషన్ నుంచి రైలులో గంటకు అటూ ఇటూగా పడుతుంది. లండన్ అని రాసే ఓడల్లో చాలావరకు సౌతాంప్టన్ నుంచి బయలుదేరతాయి. సింగపూర్‌లో క్రూయిజ్ టెర్మినళ్ళే రెండు ఉన్నాయి, ఒకటి మెరీనా బేలో, మరొకటి హార్బర్‌ఫ్రంట్‌లో. విమానాల వెతుకులాటలో ఈ సమాచారం ఉండదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు.

మూడో విషయమైన తిరుగు ప్రయాణంలో ఈ సాధనం నాకు చేసిన మేలు పెద్దది. 2024లో మేము చివిటావెక్కియాలో ఎక్కి బార్సిలోనాలో దిగే ఓడను ఎంచుకున్నాము. వెళ్ళడానికి ఒక టికెట్, రావడానికి మరొకటి విడివిడిగా వెతికితే ధర చూసి నిరుత్సాహపడ్డాను, ఎందుకంటే పెద్ద విమాన సంస్థలు విదేశీ మార్గాల్లో ఒకవైపు టికెట్‌కు తరచుగా రానుపోను ధరలో సగానికి మించి వసూలు చేస్తాయి. అప్పుడు మల్టీ సిటీ అనే చోట హైదరాబాద్ నుంచి రోమ్, బార్సిలోనా నుంచి హైదరాబాద్ అని రెండు వరుసలు ఇచ్చి చూస్తే, రెండూ ఒకే టికెట్‌గా, మామూలు రానుపోను ధరకు దగ్గరగా వచ్చాయి. గల్ఫ్ నగరాల మీదుగా ఒకే మజిలీ. రోమ్ నుంచే తిరిగి రావాలంటే బార్సిలోనా నుంచి రోమ్‌కు ఇంకో విమానం, ఇంకో లగేజీ రుసుము పడేవి.

ఇద్దరి కంటే ఎక్కువమంది వెళ్ళేవారికి చెప్పవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. దుబాయ్‌కు మా బావమరిది దంపతులు కూడా వచ్చారు. నలుగురికి కలిపి వెతికినప్పుడు ఒక ధర, ఇద్దరికే వెతికినప్పుడు అంతకంటే తక్కువ ధర చూపించింది. మొదట అది పొరపాటు అనుకున్నాను, కానీ కారణం వేరు. ఒకే విమానంలో ఒకే తరగతి సీట్లను కూడా విమాన సంస్థలు కొన్ని ధరల అంతస్తులుగా విడగొట్టి అమ్ముతాయి. చవక అంతస్తులో రెండే సీట్లు మిగిలి ఉండి నలుగురికి ఒకేసారి అడిగితే, నలుగురికీ పై అంతస్తు ధరే వేస్తారు. మేము ఇద్దరికి తక్కువ ధరకు, మిగిలిన ఇద్దరికి పై ధరకు విడిగా కొని 5,000 రూపాయలకు పైగా మిగుల్చుకున్నాము. కాకపోతే రెండు టికెట్లూ వేర్వేరు నంబర్లతో ఉంటాయి కనుక, విమాన సంస్థ సమయం మార్చితే ఇద్దరిని ఒకవైపు, ఇద్దరిని మరోవైపు పంపే అవకాశం లేకపోలేదు. చిన్నపిల్లలు, పెద్ద వయసు వారు ఉన్న కుటుంబాలు ఆ డబ్బు కోసం విడిపోకూడదని నా అభిప్రాయం.

మాటిమాటికీ వెతికితే ధర పెరుగుతుందనే నమ్మకం మన వాళ్ళలో బలంగా ఉంది. ఆరేళ్ళలో నా కంప్యూటర్‌లోనూ నా భార్య ఫోన్‌లోనూ ఒకే నిమిషంలో పోల్చి చూసిన ప్రతిసారీ ధర ఒక్కటే వచ్చింది. పెరిగినప్పుడల్లా పై అంతస్తుల లెక్కే కారణమై ఉంటుందని నేను భావిస్తాను. రోజూ కూర్చుని చూడనవసరం కూడా లేదు. ధరను గమనించమని మీట నొక్కి వదిలేస్తే, మారినప్పుడల్లా ఈమెయిల్ వస్తుంది. ఇటలీ టికెట్‌ను ఫిబ్రవరిలో అలా పెట్టి, ఏప్రిల్‌లో తగ్గినప్పుడు కొన్నాను. చాలా మార్గాల్లో ఇప్పటి ధర మామూలుగా ఉండే ధరతో పోల్చితే తక్కువా, ఎక్కువా అని కూడా చెబుతుంది, ఆ మాట నాకు రెండుసార్లు ధైర్యాన్నిచ్చింది.

యూరప్ టికెట్ కొనే సమయం వీసాతో ముడిపడి ఉంటుంది. చాలా యూరప్ దేశాలకు కలిపి చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల కంటే ముందు దరఖాస్తు తీసుకోరు. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, దానికి తోడు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. వీసా రాకముందే తిరిగి డబ్బు రాని టికెట్ కొంటే నష్టభయం ఉంది, వచ్చేదాకా ఆగితే ధర పెరుగుతుంది. నేను కొంత ఎక్కువ పెట్టి, రద్దు చేస్తే చాలా భాగం తిరిగి వచ్చే రకం టికెట్ కొన్నాను. ఈ ఒక్క చోట చవక కంటే నిశ్చింతకే విలువ ఇచ్చాను, మళ్ళీ అయినా అదే చేస్తాను.

ఇక కష్టం కలిగిన చోటు. గూగుల్ ఫ్లైట్స్ సాధారణంగా తానే టికెట్లు అమ్మదు, ధర చూపించి అమ్మే వారి దగ్గరకు పంపుతుంది. దుబాయ్ టికెట్లలో ఒక జతను విమాన సంస్థ ధర కంటే 1,900 రూపాయలు తక్కువ అని ఒక అమ్మకం సంస్థ దగ్గర కొన్నాను. నెల తరువాత తిరుగు విమానం సమయం మారింది, మారిన విమానం మేము ఓడ దిగే వేళకంటే ముందే వెళ్ళిపోతుంది. విమాన సంస్థకు ఫోన్ చేస్తే అమ్మిన వారిని అడగమన్నారు, అమ్మిన వారు విమాన సంస్థను అడగమన్నారు. చివరకు ఆ తిరుగు టికెట్లు వదులుకుని కొత్తవి కొనవలసి వచ్చింది, డబ్బు వాపసు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఓడ ప్రయాణంలో సమయం మార్పు అంటే చిన్న అసౌకర్యం కాదు కనుక, అప్పటి నుంచి వెతకడానికి గూగుల్ ఫ్లైట్స్, కొనడానికి విమాన సంస్థ సొంత వెబ్‌సైటు, ఇదే నా పద్ధతి.

లగేజీ గురించి కూడా చూడగానే నిర్ణయానికి రాకూడదు. చవక విమాన సంస్థల కనీస ధరలో తరచుగా చేతి సంచి మాత్రమే ఉంటుంది. ఓడలో ఒక రాత్రి మంచి దుస్తులు వేసుకోవలసిన విందు ఉండవచ్చు, మా ఇంట్లో పట్టుచీర లేకుండా పెట్టె సర్దరు, ఆవకాయ సీసా సంగతి సరేసరి. 20 కిలోల పెట్టెకు ముందుగా డబ్బు కట్టిన తరువాత, మొదట ఖరీదుగా కనిపించిన పెద్ద సంస్థ టికెట్టే చవకగా తేలిన సందర్భం నాకు ఉంది. సంచుల వడపోతను (ఫిల్టర్‌ను) మొదటే పెట్టుకుని వెతకడం మంచిది.

ఎక్కువ ధరలు కనిపించినా, ప్రతి వెతుకులాటలోనూ గన్నవరం నుంచి మొదలయ్యే టికెట్‌ను నేను విడిగా ఒకసారి చూస్తాను. ఢిల్లీ మీదుగానో ముంబై మీదుగానో వెళ్ళే ఆ మార్గం పొడుగే, కానీ మొత్తం ఒకే టికెట్ మీద ఉంటే మధ్యలో విమానం తప్పినా తరువాతి దానిలో పంపే బాధ్యత విమాన సంస్థదే అవుతుంది. విడివిడి టికెట్లతో హైదరాబాద్ చేరి అక్కడ మళ్ళీ ఎక్కితే ఆ రక్షణ ఉండదు. ఇటలీ ప్రయాణంలో గన్నవరం టికెట్ మనిషికి 6,500 రూపాయలు ఎక్కువ ఉండటంతో శంషాబాద్‌నే ఎంచుకున్నాము. మోకాళ్ళ నొప్పులున్న మా అక్కయ్య వచ్చే సంవత్సరం మాతో సింగపూర్ ఓడ ఎక్కాలనుకుంటోంది. ఆమెకు మాత్రం, తేడా అంతే ఉన్నా, గన్నవరం నుంచే టికెట్ తీసుకుంటాను.