ముదురు కాగితం మీద ఒంగోలు తెలుపు: రంగు పెన్సిళ్లకు పాస్టెల్‌మ్యాట్

రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేసేవారికి తెలుపు ఎంత కష్టమో వేరే చెప్పనవసరం లేదు. నునుపుగా ఉండే బ్రిస్టల్ బోర్డు (దళసరి కాగితం) మీదైనా, హాట్ ప్రెస్ అనే నున్నటి నీటిరంగుల కాగితం మీదైనా తెల్లగా ఉండవలసిన చోటును మొదటి గీత నుంచీ కాపాడుకుంటూ రావాలి. ముదురు రంగు నింపిన తర్వాత దాని మీద తెల్ల పెన్సిలు గీస్తే బూడిద మరకే మిగులుతుంది. క్లెయిర్‌ఫోంటేన్ కంపెనీ వారి పాస్టెల్‌మ్యాట్ కాగితాన్ని చాలా నెలలుగా వాడిన మీదట, ఈ ఇబ్బందిలో ఎక్కువ భాగం కాగితం వల్లనే వస్తుందని నాకు నమ్మకం కుదిరింది.

ఇది పాస్టెల్ అనే పొడి రంగు కడ్డీల కోసం తయారైన 360 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 360 గ్రాముల బరువు) కాగితం. పైన సన్నని సెల్యులోజ్ నార పూత ఉంటుంది. చేత్తో తడిమితే మఖమల్ గుడ్డలా మెత్తగా తోస్తుంది కాని, పెన్సిలు మొనకు మాత్రం ఆ పూత గరుకు బాగా తెలుస్తుంది.

నేను ఎక్కువగా పశువుల బొమ్మలు వేస్తాను. ఒంగోలు గిత్త ఒళ్లంతా తెలుపు, మెడ మీదా మూపురం మీదా బూడిద నీడ, ఛాతీ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు. తెల్ల కాగితం మీద ఆ గిత్తను వేసినప్పుడల్లా అది పాలిపోయినట్టే కనిపించేది. ఈసారి ఆంత్రసైట్ అనే బొగ్గు నలుపు షీటు తీసుకుని, గంగడోలు మడతల లోతును ముదురు నీలం, సెపియా, బూడిద రంగులతో ముందుగా పూర్తిగా నింపాను. ఆ తర్వాత కారాన్ దాష్ ల్యూమినెన్స్ తెల్ల పెన్సిలును మడతల అంచుల వెంట నడిపితే, కింది రంగులను చెరపకుండా, వాటితో కలిసి మురికిపడకుండా తెలుపు తెలుపుగానే నిలిచింది. పూతలోని సందులు ఇంకా నిండకపోవడం వల్ల కొత్త పొరకు పట్టు దొరుకుతుందని చూస్తుండగానే అర్థమైంది. చెవి అంచున ఎండ తగిలి మెరిసే వెంట్రుకలను అన్నిటికంటే చివర, నీడ మీదే, ఒక్కొక్కటిగా లాగగలిగాను. ఇన్నేళ్లలో రంగు పెన్సిలుతో అంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు. వెలుగును ముందే దాచిపెట్టుకునే పని తప్పడంతో, నీడల నుంచి వెలుగు వైపు నడిచే పద్ధతి నాకు అలవాటయింది.

అయితే ఏ తెలుపైనా ఇలా నిలుస్తుందని అనుకోకూడదు. మెత్తగా, వర్ణకం దట్టంగా ఉన్న పెన్సిలే కావాలి; నూనె ఆధారంగా చేసిన గట్టి పెన్సిళ్లు అంచులు దిద్దడానికి బాగుంటాయి కాని కింది రంగును కప్పవు. కింది పొరలను చెయ్యి బిగించి రుద్దితే ఇక్కడా సందులు మూసుకుపోతాయి, అందుచేత తేలికగా వేస్తూ పోవాలి. గరుకు పూత ఏదైనా పెన్సిళ్లను త్వరగా అరగదీస్తుంది కనుక అడుగు పొరలకు చవక సెట్టు, పై పొరలకు మాత్రమే ఖరీదైనవి వాడుతున్నాను. రబ్బరుతో గట్టిగా తుడవడం ఈ పూతకు మంచిది కాదు. అందుకని రేఖాచిత్రాన్ని వేరే కాగితం మీద సరిచూసుకుని, తెల్ల ట్రాన్స్‌ఫర్ కాగితంతో దీని మీదికి దించుకుంటాను.

బొమ్మ పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. 30×40 సెంటీమీటర్ల షీటు మీద కనురెప్పల వెంట్రుకలు చక్కగా వస్తాయి; అరచేతి పరిమాణంలో ముఖాల బొమ్మలు వేసేవారికి అదే గీత గరుకు మీద తెగిపోయినట్టు కనిపించవచ్చు. రోజూ సాధన చేసే విద్యార్థులకు, ధర దృష్ట్యా, దీన్ని నేను సిఫారసు చేయను. వారికి 160 జీఎస్‌ఎం కాన్సన్ కంపెనీ మీ-టాంట్ కాగితం నయం. దానికి ఒకవైపు తేనెపట్టు గళ్లు, రెండోవైపు కొంత నునుపు ఉంటాయి కనుక ఒకే షీటుతో రెండు రకాల ఉపరితలాలూ అలవాటవుతాయి.

తెల్లని పశువులకు నేను ఇప్పుడు వేరే కాగితం తీయడం లేదు. చెరువులోంచి లేచి వచ్చిన గేదె తడి చర్మపు నిగనిగకు మాత్రం పొరలను నునుపుగా రుద్దాలి, కాబట్టి దానికి ఇంకా మీ-టాంట్ నునుపు వైపే వాడుతున్నాను.