టాలిల్లిన్ రైలు, మ్యూజియం: ఒక మార్కాపురం వాడి రివ్యూ

ముందే చెప్తున్నా, వేగం కావాలంటే ఇక్కడికి రాకండి. టాలిల్లిన్ ఒక బుల్లి ఆవిరి రైలు. బ్రిటన్‌లో వేల్స్ పడమటి తీరంలో టౌవిన్ అనే చిన్న ఊరి నుంచి కొండల్లోకి ఏడు మైళ్ల చిల్లర దూరం. దానికి గంట దాకా పడుతుంది. నా లెక్కలో మాత్రం ఐదుకి ఐదు స్టార్లు.

బర్మింగ్‌హామ్‌లో ఉంటూ ఇన్నాళ్లూ వెళ్లలేదు. ఈసారి నాన్న మార్కాపురం నుంచి వచ్చారని తీసుకెళ్లాను. ఆయన పలకల పనిలోనే బతికిన మనిషి. 1860లలో ఈ లైను వేసింది కూడా బ్రిన్ ఎగ్లూయిస్ గనిలోని పలకరాయిని కిందికి దించడానికే. పట్టాల మధ్య వెడల్పు రెండడుగుల మూడంగుళాలు. పెట్టెలకు తలుపులు ఒకవైపే ఉంటాయి. అప్పట్లో ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే వంతెనల కింద పక్కన చాలినంత చోటు లేదట. వంతెనలు పగలగొట్టే బదులు ఒకవైపు తలుపులు శాశ్వతంగా మూసేసి, పట్టాలను కాస్త పక్కకు జరిపారు. నాన్నకి ఈ సర్దుబాటు తెగ నచ్చింది. ఖర్చు లేని పని అన్నారు.

ఈ గనికీ, రైలుకీ తర్వాతి యజమాని సర్ హేడన్ జోన్స్, ఒకప్పుడు ఎంపీ కూడా. 1946 చివర్లో గని కూలి మూతపడ్డా, తను బతికున్నన్నాళ్లూ రైలు నడుపుతానన్నాడు, నడిపాడు. 1950లో పోయాడు. అదే ఏడు అక్టోబర్ 11న బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్లో టామ్ రోల్ట్ అనే రచయిత, ఇంకొందరు మీటింగ్ పెట్టి, జీతం లేకుండా మేమే నడుపుతాం అన్నారు. హేడన్ గారి భార్య ఒప్పుకుంది. 1951 మే 14న రైలు కదిలింది. అప్పటికి పని చేసే ఇంజిన్ డోల్‌గోచ్ అనేది ఒక్కటే. పట్టాలు గడ్డిలో మునిగి ఉన్నాయి. ప్రపంచంలో వాలంటీర్లు కాపాడి నడిపిన మొదటి రైల్వే ఇదే.

వాళ్లకి అదృష్టం కూడా కలిసొచ్చింది. ఇదే అరుదైన వెడల్పు పట్టాలతో దగ్గర్లోనే ఉన్న కోరిస్ రైలు లైను అప్పటికే మూతబడింది. దాని ఇంజిన్లు రెండు, ఒక్కోటి 25 పౌండ్లకి దొరికాయి. అవి రాకపోతే ఇవాళ మనం చూసేది ఒక ఫొటో, ఒక బోర్డు.

ఇలాంటి ఇరుకు పట్టాల రైళ్ల మ్యూజియం టౌవిన్ వార్ఫ్ స్టేషన్లోనే ఉంది. 1950లలో డబ్లిన్ గిన్నెస్ బీరు ఫ్యాక్టరీ వాళ్లు తమ బుల్లి ఇంజిన్ ఒకటి ఇవ్వడంతో మొదలై, అక్కడా ఇక్కడా తుక్కుకి పోవాల్సినవి చేరుతూ పెరిగింది. ఇప్పుడున్న భవనం 2005ది. పిల్లల కోసం థామస్ రైలు కథలు రాసిన ఆడ్రీ అనే పాదిరీ ఇక్కడ తొలి వాలంటీర్లలో ఒకడు. ఆయన చదువుకునే గది అలాగే అమర్చి పెట్టారు. మాతో వచ్చిన మా పిల్లాడు అక్కణ్ణుంచి కదలనన్నాడు.

నన్ను కదిలించింది మాత్రం మనుషులే. టికెట్ చూసేవాళ్లు, బొగ్గు వేసేవాళ్లు, పొదలు కొట్టేవాళ్లు ఎక్కువమంది వాలంటీర్లు. గార్డుగా ఉన్న పెద్దాయన రిటైరయ్యాక చేరాడట. బ్రేకు ఎలా వేస్తాడో నాన్నకి సైగలతో చూపించాడు, నేను మధ్యలో అనువదించాల్సిన పనే లేకపోయింది.

2021లో ఈ ప్రాంతపు పలకరాయి గనుల నేలను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మార్కాపురంలో మా చిన్నప్పుడు పలకలకి చెక్క ఫ్రేములు బిగించిన చేతులు ఇంకా ఉన్నాయి, ఆ పనిముట్లు ఎవరింట్లో ఉన్నాయో మాత్రం అడిగినవాళ్లు లేరు. వాటిని ఇలా ఒకచోట చేర్చి పెట్టడానికి పాత షెడ్డు ఒకటి దొరికితే పదిమందిమి చాలు. నాన్న ఆ పదిమంది పేర్ల లిస్టు తిరుగు ప్రయాణంలోనే మొదలుపెట్టారు.

వెళ్లేవాళ్లకి: దారిలో ఆ ఇంజిన్ పేరే ఉన్న డోల్‌గోచ్ స్టేషన్లో దిగితే దగ్గర్లోనే జలపాతాలు. చివరి స్టేషన్ నాంట్ గ్వెర్నోల్‌కి రోడ్డు లేదు, కాబట్టి తిరుగు బండి టైము చూసుకోండి. వేసవైనా రెయిన్‌కోటు తప్పనిసరి.