అమ్మ కోసం కొన్న ‘పూట చూపే గడియారం’: 5కి 3 స్టార్లు

తెనాలిలో ఉంటాం. అమ్మకి 76 ఏళ్లు, అల్జీమర్స్ అని తేలి రెండేళ్లయింది. గోడ మీది కేలండర్‌లో రోజూ కాగితం చించడం మొదట్నుంచీ ఆవిడ పనే. ఈమధ్య పూటకో కాగితం చించేస్తోంది. సోమవారం మధ్యాహ్నానికే మా ఇంట్లో బుధవారం వచ్చేస్తోంది. అందుకే వారం, పూట, టైము పెద్ద అక్షరాలతో చూపించే 8 అంగుళాల డిజిటల్ గడియారం ఆన్‌లైన్లో తెప్పించాను.

పగలు వంక పెట్టడానికి లేదు. ముళ్లు చూసి టైము చెప్పడం అమ్మకి ఏడాదిగా రావట్లేదు. ఇదైతే మంచం మీద నుంచే చదివేస్తోంది. ‘ఇవాళ ఏ వారమే?’ అని అడగడం బాగా తగ్గింది.

గొడవంతా రాత్రిళ్లే. భాషల్లో తెలుగు లేదు, ఇంగ్లీషే పెట్టాను, అమ్మకి చదవడం వచ్చు. అర్ధరాత్రి దాటగానే తెర మీద ‘బిఫోర్ డాన్’ అని పడుతుంది. అంటే తెల్లవారుజామేగా! యాభై ఏళ్లు ఆ వేళకే లేచి కల్లాపి చల్లిన మనిషి. ఒంటిగంటన్నరకి బకెట్ చప్పుడైతే పరిగెత్తాను.

‘నన్నంటావేమే, అదే చెప్తోంది చూడు’ అంది.

ఆవిడ తప్పేముంది? పూట పేరు తీసేసే సెట్టింగ్ ఉంది కానీ, తీసేస్తే సాయంత్రం ఆరింటికి కాఫీ అడుగుతోంది, పొద్దున్న ఆరనుకుని. ఇప్పుడు రోజూ పడుకునే ముందు గడియారాన్ని గోడవైపు తిప్పేస్తున్నాను.

మందుల అలారం మీద ఆశ పెట్టుకోకండి. అది మోగితే అమ్మ ఫోనెత్తి ‘హలో’ అంటుంది. అలారం ఎందుకో గుర్తుకు రావాలి, డబ్బా తియ్యాలి, ఈ పూట గడి వెతకాలి, మింగాక మింగానని గుర్తుండాలి. మధ్యలో ఎక్కడో తెగిపోతుంది. ఈ జబ్బులో సాధారణంగా ముందు దెబ్బతినేవి ఇలాంటి పనులే: మందులు, డబ్బు లెక్క, వంట. ముగ్గు మాత్రం ఇంకా చెయ్యి దానంతటదే వేసేస్తోంది. చుక్కలెన్నో అడిగితే తడబడుతుంది, గీత మాత్రం తప్పదు.

ఇంకోటి, కరెంటు పోతే తెర ఆరిపోతుంది. కరెంటు ఉన్నా మా ఇంట్లో ఆరిపోతుంది, బిల్లు దండగని అమ్మ స్విచ్ కట్టేస్తుంది కాబట్టి. కొనేవాళ్లు ప్లగ్గు బీరువా వెనకెక్కడైనా పెట్టుకోండి. నేను స్విచ్ మీద టేపు వేశాను, రెండో రోజుకే పీకేసింది.