మల్లీశ్వరి పాటల్లో ఊపిరి చప్పుడు

'మల్లీశ్వరి' సినిమా పాటలను ముప్పై ఏళ్ళకు పైగా వింటున్న నాకు వాటిలో అన్నిటికన్నా ఇష్టమైనది రాగమూ కాదు, సాహిత్యమూ కాదు. 'మనసున మల్లెల' పాటలో ఒక పాదం ముగిసి మరొకటి అందుకునే ముందు కథానాయిక మల్లిగా నటించి పాడిన భానుమతి గారు తీసుకునే ఊపిరి. ఆ ఊపిరి వినిపించే ప్రతిలో పాట ఒకలాగా, వినిపించని ప్రతిలో మరొకలాగా ఉంటుందని తెలియడానికి మా ఇంట్లో ఒక క్యాసెట్టు తెగిపోవలసి వచ్చింది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారి గురించీ, మల్లిని అంతఃపురానికి తీసుకుపోవడానికి రాయలవారు పంపిన పల్లకీ గురించీ తెలియనివారు ఈ సమీక్ష దాకా రారు కనుక ఆ వివరాల జోలికి పోను.

ఈ పాటల్లో ఖాళీ ఎక్కువ. సంగీతం కూర్చిన రాజేశ్వరరావు గారు రేడియోలో లలితగీతాలతో పేరు తెచ్చుకున్నవారు. గొంతుకు చోటిచ్చి వాద్యం పక్కకు తప్పుకోవడం ఆయనకు అలవాటైన మర్యాద. 1951 డిసెంబరులో ఈ చిత్రం విడుదలయ్యేనాటికి ఆయనకూ, ఘంటసాల గారికీ కూడా ఇరవై తొమ్మిదేళ్ళే. పాటలు రాసిన కృష్ణశాస్త్రి గారికి యాభై నాలుగు, పైగా సినిమాకు రాయడం ఆయనకు అదే మొదలు. ఇరవై తొమ్మిదేళ్ళకే రాజేశ్వరరావు గారు ఇంత తక్కువ వాయించి ఊరుకోగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 'మనసున మల్లెల' పాటనే చూడండి. కొమ్మల్లో పక్షులు కదిలినా, గాలి వీచినా, కొలనులో అలలు కదిలినా, ఎక్కడో దూరాన వేణువు వినబడినా అతనే వచ్చాడనుకుని ఉలికిపడిన మనిషి పాట అది. చెవులు రిక్కించి కూర్చున్న మనిషి పాడుతున్నప్పుడు, వినడానికి పాటలోనూ కాస్త చోటుండాలి కదా. ఆ చోటును ఇక్కడ ఎవరూ ఆక్రమించలేదు. అక్కడ ఉన్నది ఊపిరి ఒక్కటే.

మా ఇంట్లో మొదట ఉన్నది నాన్నగారు కొన్న క్యాసెట్టు. అందులో 'ఆకాశ వీధిలో' పాట సగానికి వచ్చేసరికి ఆగిపోయేది. రెండు మూడు క్షణాల పాటు ముల్లు గీరుకునే చప్పుడు మాత్రమే వినిపించి, మళ్ళీ పాట అందుకునేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను రికార్డు ఒక్కో వైపున మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా మాత్రమే పట్టేది. అంతకన్నా పొడుగు పాటను రెండు వైపులకూ పంచి, వినేవాడు లేచి రికార్డును తిరగేసుకుంటాడన్న నమ్మకంతో వదిలేసేవారు. క్యాసెట్టు చేసినవారు ఆ రెండు ముక్కలనూ అతుకు తెలియకుండా కలిపే శ్రమ తీసుకోలేదు. చిన్నతనంలో నాకు ఇదేమీ తెలియదు. మల్లి ఒక చోటా, ఆమె బావ నాగరాజు మరొక చోటా ఉండి మబ్బుతో కబురు పంపుకునే పాట కదా, మబ్బు ఇక్కడి నుంచి అక్కడికి చేరడానికి ఆ మాత్రం సమయం పడుతుందనుకునేవాణ్ణి. ఇప్పటికీ అతుకు లేని ప్రతి వింటున్నప్పుడు సరిగ్గా ఆ చోట నా చెవి ఒక్క క్షణం ఆగి, పాట తనను దాటి వెళ్ళిపోయిందని గ్రహించి వెనకాలే పరుగెత్తుతుంది.

పదేళ్ళ కిందట ఒక సాయంత్రం మా టేపు రికార్డరు ఆ క్యాసెట్టు రీలును నమిలేసింది. బాగు చేసే ఓపిక లేక, శబ్దదోషాలన్నీ తొలగించి రెండు స్పీకర్లకూ పంచి సరికొత్తగా అందిస్తున్నామని అట్ట మీద రాసి ఉన్న ఒక సీడీ కొన్నాను. మొదటి వారం నా ఆనందానికి అంతులేదు. గీరుడు లేదు, బుసబుస లేదు, 'ఆకాశ వీధిలో' పాట మధ్యలో ఆగలేదు. అక్షరం అక్షరం విడివిడిగా, కడిగిన ముత్యాల్లా వినిపించాయి. కనబడిన ప్రతివారికీ కొనమని చెప్పాను. వారిలో ఇద్దరు కొన్నారు కూడా. ఆ ఇద్దరికీ క్షమాపణ ఇంకా బాకీ ఉన్నాను.

నాన్నగారు నాలుగు రోజులు ఏమీ అనకుండా విన్నారు. అయిదో రోజున 'మనసున మల్లెల' సగంలో ఉండగా, "ఒరే, ఈవిడ ఊపిరి తీసుకోవడం లేదేమిటిరా?" అన్నారు. నేను నవ్వేసి, ఆయన మాట అబద్ధమని చూపించడానికే పాటను మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. నిజంగానే ఊపిరి లేదు. పాదం ముగిసిన చోట శబ్దం కత్తిరించినట్లు ఆగిపోయి, ఎక్కడి నుంచో ఊడిపడినట్లు తరువాతి పాదం మొదలవుతోంది. ఒకసారి విన్న తరువాత ఇక అది తప్ప మరేమీ వినిపించలేదు.

ఇది ఎలా జరుగుతుందో తరువాత తెలుసుకున్నాను. పాట లేని చోట మిగిలే రొదను నమూనాగా తీసుకుని, అలాంటి శబ్దాన్ని పాట పొడుగునా తగ్గించడం ఈ శుద్ధి పద్ధతి. మోతాదులో చేస్తే మేలే. మోతాదు మించితే, ఆ రొద లాగానే సన్నగా, మెల్లగా ఉండేవన్నీ దానితో పాటు కొట్టుకుపోతాయి: ఊపిరి, స, శ వంటి అక్షరాల అంచులు, తీగ మీద స్వరం ఆరిపోయే ముందు మిగిలే వణుకు. అలా ఎండిపోయిన పాటకు తడి తెప్పించడానికి కాబోలు, పైన ప్రతిధ్వని కలిపారు. రాత్రివేళ నాగరాజు కోసం మెల్లగా పాడుతున్న మల్లి కల్యాణమండపంలో మైకు ముందు నిలబడి పాడుతున్నట్లు తయారైంది. గీరుడును భరించగలను గాని దీనిని భరించలేను.

ఆ రాత్రే పాత క్యాసెట్టు మరలు విప్పి కూర్చున్నాను. నలిగిన రీలు ముక్కను కత్తిరించి, రెండు కొసలనూ సన్నని టేపుతో అతికించి, పెన్సిలుతో చుట్టాను. క్యాసెట్టు రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది; నేను కత్తిరించిన ముక్క అయిదు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. పోయింది ఒక్క సెకను. ఆ సెకను 'మనసున మల్లెల' చరణంలోనే, వేణువు మాట వచ్చే పాదంలోనే పడాలా! అక్కడ ఒక మాట నడుమకు విరిగి, ముందు పాదం కొస తరువాతి పాదం మీద పడుతుంది. తక్కినదంతా భద్రంగా ఉంది, ఊపిరితో సహా. అవతలి వైపు పాటలోనూ ఒక సెకను పోయి ఉంటుందన్న సంగతి వారం రోజుల దాకా నాకు తట్టనే లేదు. అది 'కోతీ బావకు పెళ్ళంట' కావడంతో పెద్దగా బాధపడలేదు.

నిజం చెప్పాలంటే, ఈ చిత్రంలో తీసేయదగ్గ పాటే లేదని వాదించే రోజులు నాకు పోయాయి. ఆ ఆటపట్టించే పాటను చాలా ఏళ్ళుగా దాటవేస్తున్నాను. అంతఃపురంలోని ఉషాపరిణయం యక్షగానం కూడా తెర మీద ఆట లేకుండా వింటే చివరిదాకా నన్ను పట్టి ఉంచలేదు. విచిత్రమేమిటంటే చరిత్ర లెక్కకు సరిగ్గా నిలబడేది అదే. యక్షగానాన్ని శ్రీనాథుడు పదిహేనో శతాబ్దంలోనే ప్రస్తావించాడు. 'పిలచిన బిగువటరా' నడకేమో జావళి అనే శృంగార గీతానిది. జావళులు వ్యాప్తిలోకి వచ్చింది పంతొమ్మిదో శతాబ్దంలో. 1509 నుంచి 1529 వరకు ఏలిన రాయలవారు మారువేషంలో, పెద్దనతో కలిసి, వాన కురిసిన రాత్రి దానిని మూడు వందల ఏళ్ళు ముందుగా విన్నారన్నమాట. ఒకప్పుడు దీనిని పెద్ద తప్పుగా ఎత్తిచూపేవాణ్ణి. ఇప్పుడు ఆ పట్టుదల లేదు. పాత కాలమని నన్ను నమ్మించేది ఆ పాటలోని తీరిక. గిత్తలను పరుగులు తీయించమనే బండి పాటలో సైతం పాడేవారికి తొందర లేదు.

కొనదలచినవారికి ఏమి చెప్పాలో నాకు తేలడం లేదు. నాకు సంగీతం నేర్చిన చెవి లేదు. నేను వినేది రాత్రి పదకొండు దాటాక, పక్క గదికి వినబడనంత తక్కువ శబ్దంలో. అలా వినేవారికి ఊపిరి కావాలి, ఆ సీడీ పనికిరాదు. కారులో వినేవారి సంగతి వేరు. ఇంజను చప్పుడులో ఈ పాటల్లోని సగం ఎలాగూ మునిగిపోతుంది కనుక వారికి శుద్ధి చేసిన ప్రతే మేలు కావచ్చు. ఒకసారి ప్రయాణంలో పాత ప్రతి పెట్టి పావుగంటకే ఆపేశాను. ఇప్పుడు నేను ఎక్కువగా వినేది పాటల ప్రతిని కాదు, సినిమానే. తెర ఆర్పేసి శబ్దం మాత్రమే ఉంచుకుంటాను. నాకు దొరికిన ప్రతిలో రొద ఉంది, ఊపిరీ ఉంది, ఏ పాటా సగంలో ఆగదు.

నాన్నగారికి ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. ఆయనకు మాత్రం అతుకు వేసిన ఆ క్యాసెట్టే కావాలి. వేణువు పాదం దగ్గరికి వచ్చేసరికి, విరిగిన మాటను తానే అందుకుని పూర్తి చేసి, మళ్ళీ భానుమతి గారికి అప్పగిస్తారు.