ఎక్స్‌పీ పోయింది, పెన్‌డ్రైవ్‌లో మళ్లీ దొరికింది

మాది శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే చిన్న డీటీపీ షాపు. పద్దెనిమిదేళ్ల ఫైళ్లన్నీ పేజీలు కంపోజ్ చేసే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో, యూనికోడ్ (ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు వాడే అక్షరాల పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. వాటి కోసమే పాత విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఒక కంప్యూటర్‌ను ముసలి ఎద్దును మేపినట్టు మేపుతూ వచ్చాను. నిరుడు మాఘమాసం ముహూర్తాల మధ్యలో దాని మదర్‌బోర్డు పోయింది.

మేనల్లుడు వచ్చి కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టాడు. ఒక కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ అది. ఒరాకిల్ కంపెనీ వారిది, ఉచితం. అదనపు సౌకర్యాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్‌కు మాత్రం వ్యాపారం చేసేవారు లైసెన్సు కొనాలి. నాకు దాని అవసరమే రాలేదు. ఎక్స్‌పీ సీడీ మనదే పెట్టుకోవాలి. "ఇంట్లో వాటా అద్దెకిచ్చినట్టే మామయ్యా. గోడలు వేరు, నీళ్ల ట్యాంకు ఒకటే" అన్నాడు. 8 జీబీ మెమరీలో 1 జీబీ ఆ వాటాకు ఇచ్చాం. ఎక్స్‌పీ తన 20 జీబీ హార్డ్ డిస్కు అనుకునేది నిజానికి నా డీ డ్రైవులో ఒక ఫైలు. వాడే కొద్దీ పెరుగుతుంది.

మొదట తెరుచుకోలేదు. బయోస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగుల్లో) వర్చువలైజేషన్, అంటే లోపల మరో కంప్యూటర్ నడపడానికి ప్రాసెసర్ ఇచ్చే వీలు, ఆపి ఉంది, ఆన్ చేశాం. తర్వాత మౌసు ఎక్స్‌పీ కిటికీలోనే ఇరుక్కుపోయింది. కుడివైపు కంట్రోల్ మీట నొక్కితే వదులుతుందని తెలిసేదాకా అరగంట చెమటలు పట్టాయి.

నాకు బాగా నచ్చింది స్నాప్‌షాట్, అంటే లోపలి కంప్యూటర్ ఆ క్షణంలో ఉన్న స్థితిని దాచిపెట్టుకోవడం. ఒక ఖాతాదారు పెన్‌డ్రైవ్‌తో వైరస్ వచ్చింది. ముందు రోజు తీసిన స్నాప్‌షాట్‌కు రెండు నిమిషాల్లో వెనక్కి వెళ్లాను. స్నాప్‌షాట్ తీశాక లోపలి కంప్యూటర్‌లో చేసిన పని కూడా పోతుంది సుమా! అందుకే ఫైళ్లను బయటి కంప్యూటర్‌లో ఉండి రెండింటికీ కనిపించే షేర్డ్ ఫోల్డర్‌లో దాస్తున్నాను.

లోపలి ఎక్స్‌పీ కంప్యూటర్ మొత్తాన్ని ఒకే ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే 6 జీబీ ఫైలు వచ్చింది. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉండి కూడా ఎక్కించుకోలేదు. పెన్‌డ్రైవ్ ఫైళ్లు దాచుకునే పాత పద్ధతి ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదట. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే మరో పద్ధతిలోకి ఫార్మాట్ చేస్తే ఎక్కింది.

ప్రింటుకు పీడీఎఫ్ చేసి బయటికి తెచ్చుకోవడం కాస్త విసుగే. 2014 ఏప్రిల్ తర్వాత ఎక్స్‌పీకి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి లోపల నెట్ తీసేశాను. 4 జీబీ మెమరీ ఉన్న కంప్యూటర్ అయితే ఈ జోలికి పోకండి.

మొన్న ఒకాయన 2009 నాటి తన పెళ్లికార్డు తెచ్చి, కూతురి ఓణీల వేడుకకు అదే అంచు కావాలన్నారు. ఎక్స్‌పీ తెరిచాను. అంచు, వినాయకుడు, ఆనాడు నేను వదిలేసిన అచ్చుతప్పు, మూడూ ఉన్నాయి.