ఫైర్ ట్యూబా, వాటర్ ట్యూబా? ఏ బాయిలర్ మేలు?

బాయిలర్ కొనేటప్పుడు చాలామంది ముందు ఇంధనం గురించి, ఆ వెంటనే ఎఫిషియెన్సీ గురించి అడుగుతారు. నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: ఆవిరి ఎంత ప్రెషర్‌లో కావాలి, రోజంతా వాడకం ఒకేలా ఉంటుందా లేక ఉన్నట్టుండి పెరిగి తగ్గుతుందా, మీ నీళ్లు ఎలాంటివి.

ఫైర్ ట్యూబ్‌లో వేడి పొగ గొట్టాల లోపల పోతుంది, చుట్టూ పెద్ద షెల్ (డ్రమ్ములాంటి ఉక్కు తొట్టి) నిండా నీళ్లుంటాయి. వాటర్ ట్యూబ్‌లో అది తిరగబడుతుంది, నీళ్లు గొట్టాల్లో, మంట బయట. 1829 నాటి ‘రాకెట్’ అనే రైలింజన్‌ది మొదటి రకం. ఇవాళ్టి థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో ఉండేది రెండో రకం.

ప్రెషర్ విషయంలో లెక్క చాలా సూటిగా ఉంటుంది. లోపలి ప్రెషర్ పెరిగినా, షెల్ వ్యాసం పెరిగినా రేకు మందం ఆ మేరకు పెంచాల్సిందే. రేకు మీద 100 మెగాపాస్కల్‌ల (ఒక మెగాపాస్కల్ అంటే 10 బార్, ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) కంటే ఎక్కువ భారం పడకూడదనుకుంటే, 2 మీటర్ల వ్యాసమున్న షెల్‌కి 10 బార్ దగ్గర 10 మిల్లీమీటర్ల రేకు చాలు (వెల్డింగ్ కోసం, తుప్పు కోసం కలిపేది పక్కనపెడితే), అదే 60 బార్ అయితే 60 మిల్లీమీటర్లు కావాలి! 50 మిల్లీమీటర్ల గొట్టానికైతే ఆ 60 బార్ దగ్గర కూడా లెక్క ప్రకారం ఒకటిన్నర మిల్లీమీటర్లే. అందుకే ఫైర్ ట్యూబ్ మామూలుగా 20-25 బార్ దాటదు. పెద్ద టర్బైన్ తిప్పాలంటే, బాగా సూపర్‌హీట్ చేసిన (మరిగే వేడిని దాటి ఇంకా వేడెక్కించిన) ఆవిరి కావాలంటే వాటర్ ట్యూబ్ తప్ప దారి లేదు, అక్కడ చర్చే అనవసరం.

కానీ వండటానికో, ఆరబెట్టటానికో, రంగులద్దటానికో 10 బార్ లోపు ఆవిరి చాలనుకునే చోట నేను ఫైర్ ట్యూబ్ వైపే ఉంటాను. కారణం ఆ షెల్‌లో ఉండే నీళ్లే. ఒకేసారి నాలుగు వాల్వులు తెరిచారనుకోండి, ప్రెషర్ 10 నుంచి 8 బార్‌కి పడేలోపు ఆ వేడి నీళ్లలో దాదాపు రెండు శాతం తనంతట తనే ఆవిరైపోతుంది. 10 టన్నుల నీళ్లుంటే సుమారు 190 కిలోల ఆవిరి, బర్నర్ అందుకునేదాకా పని నడుస్తుంది. వాటర్ ట్యూబ్‌లో నీళ్లు తక్కువ కాబట్టి ఇలాంటి ఎగుడుదిగుళ్లకి ప్రెషర్ వెంటనే పడిపోతుంది, కంట్రోల్స్ చురుగ్గా లేకపోతే ఆపరేటర్‌కి రోజంతా టెన్షనే. దాని లాభం ఏంటంటే చల్లగా ఉన్నప్పుడు తొందరగా వేడెక్కుతుంది. ఫైర్ ట్యూబ్‌ని మాత్రం తొందరపెట్టొద్దు, గొట్టాల చివర్లు లీకవుతాయి.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. వాటర్ ట్యూబ్‌లో గొట్టం లోపల సున్నపు పొర కట్టిందంటే అక్కడ లోహం చల్లబడదు, ఉబ్బి పగులుతుంది. ఫైర్ ట్యూబ్ కాస్త ఓర్చుకుంటుంది, లోపలి మసిని బ్రష్‌తో తీసేయొచ్చు. అలాగని సాఫ్ట్‌నర్‌నీ (నీళ్లలో సున్నం తీసేసేది) బ్లోడౌన్‌నీ (అడుగున చేరే మురికి నీళ్లని అప్పుడప్పుడు వదిలేయడం) మానేస్తే దాని ఫర్నేస్ గొట్టం (మంట మండే పెద్ద గొట్టం) కూడా పాడవుతుంది, పైగా ఇంధనం వృథా.

ప్రమాదం దగ్గర మాత్రం ఫైర్ ట్యూబ్‌ని వెనకేసుకురాలేను. మేలు చేసే ఆ నీళ్లే షెల్ చీలితే ఒక్కసారిగా ఆవిరై ఎన్నో రెట్లు వ్యాకోచిస్తాయి. 1905లో అమెరికాలోని బ్రాక్టన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. వాటర్ ట్యూబ్‌లో ఒక గొట్టం పగిలినా ప్రమాదమే, కాకపోతే సాధారణంగా అంత విధ్వంసం ఉండదు. కాబట్టి ఫైర్ ట్యూబ్ తీసుకునేవాళ్లు లో వాటర్ కటాఫ్ (నీళ్లు తగ్గితే బర్నర్‌ని ఆపేసేది) రెండు పెట్టించుకోండి, గేజ్ గ్లాస్‌ని (నీటి మట్టం చూపించే గాజు గొట్టం) ప్రతి షిఫ్ట్‌లో బ్లో చేసి, అంటే అందులోని నీళ్లు బయటికి వదిలి, మట్టం సరిగ్గా తిరిగొస్తోందో లేదో చూడండి.

రోజుకి రెండు గంటలే ఆవిరి కావాలంటే ఇలాంటి పెద్దవి రెండూ వద్దు. చిన్న కాయిల్ రకం (చుట్టలా తిప్పిన గొట్టంలో కొద్ది నీళ్లే మరిగేది) చూడండి, నిమిషాల్లో ఆవిరి ఇస్తుంది.